కాగితం మీది కవలలు

కాజీపల్లిలో మందుల కంపెనీ కార్మికుడైన నాన్న కామెర్లతో పోయేనాటికి నాకు పదమూడేళ్లు, చెల్లెలికి పదకొండు. అమ్మకూ, ఇరవై ఐదేళ్లు నిండేదాకా పిల్లలిద్దరికీ నెలనెలా పింఛను వస్తుందన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, చెల్లెలి కాగితం దగ్గర పీఎఫ్ ఆఫీసు గుమస్తా ఆగిపోయాడు.

బడి రికార్డులో మా పుట్టిన తేదీలకు ఐదు నెలలే తేడా. ఒక్క తల్లికి ఐదు నెలల్లో ఇద్దరెట్లా పుడతారు, ఇందులో ఒకరు ఆయన బిడ్డ కాదు, తేల్చుకుని రమ్మన్నాడు. వరుసలో నిలబడ్డ వాళ్లందరి ముందే అన్నాడు. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

జరిగింది ఇంతే. అమ్మ నాట్లకు పోతే చెల్లెల్ని చూసేవాళ్లు లేక, నాతో పాటు దాన్నీ బడిలో వేశారు. పెద్దసారు కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమచెవి పట్టుకోమన్నాడు. అందితే ఐదేళ్లు నిండినట్టు. నాకు అందింది. మూడేళ్ల చెల్లెలికి ఎక్కడ అందుతుంది? పాపం, సారే దాని తల వంచి అందించాడు. నాకు జనవరి, దానికి జూన్ రాసుకున్నాడు.

మూడేళ్లు కాళ్లరిగేలా తిరిగాం. పటాన్‌చెరులో బస్సు మారి పోతే ఆఫీసరు సెలవు. ఆఫీసరుంటే ఫైలు లేదు. ఫైలు దొరికితే, ఇంట్లో పుట్టిన పిల్లకు ఆసుపత్రి కాగితం కావాలి. పురుడు పోసిన ముసలమ్మ వచ్చి చెప్తానంటే ఆమె మాట చెల్లదన్నారు. పింఛను రాక ఆ మూడేళ్లూ చెల్లెలి బడి ఆగిపోయింది.

చివరికి పెద్దసారే ఉపాయం చెప్పాడు. అసలు వయసు వేయాలంటే కోర్టుకు పోవాలట. జూన్ కొట్టేసి జనవరి అని నెల పేరొక్కటే మారిస్తే చేతిరాత పొరపాటు కింద పోతుందట. కవలలని రాసిస్తాను, వేలిముద్ర వెయ్యమన్నాడు.

అమ్మ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుంది.

"రెండుసార్లు సావునొప్పులు పడ్డ సారూ. ఒక్కసారే కన్నాని ఎట్ల జెప్పాలె?"

అన్నది గానీ, వేలిముద్ర వేసింది. పింఛను వచ్చింది, చెల్లెలు మళ్లీ బడికి పోయింది.

నాకు ఇరవై ఐదు నిండిన నెల ఇద్దరి పింఛనూ ఆగింది. చెల్లెలు నర్సింగ్ ఆఖరి ఏడాదిలో ఉంది, ఫీజు కట్టాలి. అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయి, చిన్నదానికింకా ఇరవై మూడేనని చెప్పింది. కొత్త గుమస్తా కసురుకోలేదు. ఫైలు వెతికి, కవలలని రాసిన ఆ కాగితం తీసి, అమ్మ వైపు తిప్పాడు.

"ఈ ముద్ర నీదేనా అమ్మా?"

అమ్మ తన బొటనవేలు వైపు చూసుకుంది.