అంకుల్ పెట్టిన గడ్డి

మా పక్కింటి అంకుల్ పోయారు. మంగళవారం పొద్దున ఆంటీ ఫోన్ చేసి, "వాకింగ్ నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నారమ్మా, మళ్ళీ లేవలేదు" అన్నారు. ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని కిటికీలోంచి ఆయన లాన్ వైపు చూశాను. తలస్నానం చేయించి దువ్వినట్టు ఉంది. ఇక దాన్ని ఎవరు చూసుకుంటారు అన్నది నాకు వచ్చిన మొదటి ఆలోచన. ఇకనైనా ఈ వీధిలో నా లాన్ బాగుంటుందేమో అన్నది రెండోది. ఆ రెండోదానికి సిగ్గుపడుతూనే రాస్తున్నాను. నా అసూయ దాచిపెట్టి ఆయన గురించి రాస్తే సగం అబద్ధమవుతుంది.

అమెరికాలో, నార్త్ కరోలినాలోని క్యారీలో మేము ఇల్లు కొని ఆరేళ్ళు. రెండు ఇళ్ళ మధ్య కంచె లేదు, అవసరమూ లేదు. పచ్చదనం ఎక్కడ ఆగిపోతే అక్కడి నుంచి మాది. లాన్ బాగుచేసుకోమని కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం వచ్చిన రోజు, అభిమానం చంపుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. మందుల కంపెనీలో కెమిస్టుగా చేసి రిటైరైన మనిషి. మోకాళ్ళ దాకా సాక్సులు వేసుకుని వచ్చి, మాడిపోయిన నా గడ్డిని వంగి చూశారు.

"ఎరువు ఎంత వేశావమ్మా?"

"బస్తా మీద రాసినదానికి డబుల్, అంకుల్. తొందరగా వస్తుందని."

"ఒకే జవాబు రెండుసార్లు రాస్తే మీ కాలేజీలో మార్కులు డబుల్ వేశారా?"

మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటిదాన్ని నేను. మార్కుల మాట ఎత్తితే నాకు చురుక్కుమంటుంది. ఎప్పటికైనా ఈయన నోట 'నీ లాన్ బాగుంది' అనిపించుకోవాలని ఆ రోజే పట్టుపట్టాను.

ఆయన పద్ధతులన్నీ కిటికీలోంచి చూసి నేర్చుకున్నాను. తెల్లవారుజామునే నీళ్ళు పెట్టేవారు. "సాయంత్రం తడిపితే బూజు పడుతుంది. రోజూ చిలకరించకు, అప్పుడప్పుడు కడుపు నిండా పెట్టు" అనేవారు. నేను గడ్డి కోసే మోవర్ బ్లేడు బాగా కిందికి దించి కోస్తుంటే, "జుట్టు కత్తిరించమ్మా, గుండు కొట్టకు!" అని అటునుంచి కేక. మోవర్ తీసే ముందు బకెట్ పట్టుకుని లాన్ అంతా నడిచి రాళ్ళూ పుల్లలూ ఏరేవారు, బ్లేడు కింద పడితే తూటాల్లా లేస్తాయని. వాటితోపాటు దొరికిన మా పాప బొమ్మలు మా మెట్ల మీద వరసగా ఉండేవి. కలుపు మందు కొట్టిన రోజు మాత్రం హద్దు మీద కుర్చీ వేసుకుని కూర్చుని, పాప అటు అడుగేస్తే లేచి అడ్డం వచ్చేవారు. తన పచ్చిక నలుగుతుందని కాపలా అనుకున్నాను. ఒకసారి ఆ మాట అనేశాను కూడా.

"గడ్డి మళ్ళీ మొలుస్తుందమ్మా," అన్నారు, "మందు ఆరలేదు. దాని కాళ్ళకీ చేతులకీ అంటుకుని, ఆ చేతులు నోట్లో పెట్టుకుంటే?"

మూడేళ్ళ కిందట సెప్టెంబరులో మా ముందరి లాన్‌లో ఆయనే దగ్గరుండి కొత్త విత్తనం చల్లించారు. పది రోజులకు సన్నటి మొలకలు వచ్చాయి. సరిగ్గా అప్పుడే మా అమ్మ వచ్చింది. ఊళ్ళో జీవితమంతా ఇతరుల చేలల్లో కలుపు తీసి నన్ను చదివించిన మనిషి. నేను ఆఫీస్ నుంచి వచ్చేసరికి, చేతులకు మట్టితో, మెరిసే మొహంతో గుమ్మంలో నిలబడి ఉంది.

"గడ్డంతా పీకేశానే. గరిక మాత్రం ఉంచాను, వచ్చే వారం చవితి పూజకి."

ఇక్కడి లాన్లకు గరికే అసలు కలుపు. అమ్మ నాటినదాన్ని పీకి, పీకాల్సినదాన్ని ఉంచింది. నేను అరిచాను. నా అరుపుకి అంకుల్ వచ్చి, చూసి, నవ్వాపుకోలేక మెట్ల మీద కూలబడ్డారు.

"ఎంత శుభ్రంగా తీశారమ్మా! నలభై ఏళ్ళుగా ఈ గరికతో కుస్తీ పడుతున్నాను. మీరేమో దానికే రాజ్యం ఇచ్చారు."

"గరికని పీకుతారా బాబుగారూ? వినాయకుడిది గదా! అయినా గడ్డిని ఎవరన్నా పనిగట్టుకుని నాటుతారా?"

"బాబుగారు కాదు, అన్నయ్య అనండి." ఆ తర్వాత నావైపు తిరిగారు. అప్పుడు నవ్వు లేదు. "కలుపు తీసిన చేతులే నిన్ను చదివించాయి. ఆ చేతుల మీదా అరుపులు?"

గడ్డి పెట్టడం అంటే మనకు చీవాట్లు పెట్టడమే కదా. ఆ నెలలో అంకుల్ నాకు రెండు రకాల గడ్డీ పెట్టారు.

అమ్మ ఉన్నన్నాళ్ళూ పొద్దున్నే ఇద్దరూ ఆయన లాన్‌లో తిరిగేవారు. పాత స్క్రూడ్రైవర్‌తో వేరు తెగకుండా కలుపు ఎలా పెకిలించాలో అమ్మ చూపించేది, ఆయన బుద్ధిగా వినేవారు. ఆ ఏడు నుంచి మందు కొట్టడం మానేశారు. సైన్స్ చదివిన నా మాట ఒక్కటి చెవిన పెట్టని మనిషి అమ్మని 'మా టీచరుగారు' అనేవారు. నాకు కడుపు మండింది. అది లాన్ మీది అసూయ కంటే లోతుది. అమ్మ వెళ్ళాక కూడా కనబడితే "చెల్లెమ్మ ఎలా ఉంది?" అనే అడిగేవారు. నా లాన్ కుదుటపడింది, ఒత్తుగా వచ్చింది, దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. ఆయన మాత్రం 'బాగుంది' అనలేదు. ఇక అనరు.

కర్మలన్నీ అయ్యాక ఆంటీ నన్ను వాళ్ళ లాన్ మూలకి తీసుకెళ్ళారు. నున్నటి రాళ్ళు గుండ్రంగా పేర్చి ఉన్నాయి. మధ్యలో అరచేతి వెడల్పున గరిక.

"మీ అమ్మగారు మళ్ళీ వస్తే పూజకి కావాలని ఉంచారు. మోవర్ ఇటు రానిచ్చేవారు కాదు."

ఆయన ఆఖరున పెంచిన గడ్డి కూడా అమ్మకే. మళ్ళీ చురుక్కుమంది. వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను. "పీకమాకే" అంది.

ఇవాళ బకెట్ పట్టుకుని రెండు లాన్లూ నడిచి రాళ్ళు ఏరాను. ఆ మూల దగ్గర వంగి చూస్తే, గరిక తీగ ఒకటి రాళ్ళు దాటి, హద్దు దాటి, మా వైపు వచ్చి కణుపు దగ్గర వేరు పోసుకుంది. మోవర్‌ని దాని చుట్టూ తిప్పి కోశాను.