నేను పడితేనే ఆగే కొట్లాట

మెదడు పరీక్షలో ఏమీ లేదని తేలగానే మా మరిది, "ఫిట్స్ కాదంటే నాటకమే గదా!" అన్నాడు. అప్పటికి రెండేళ్లుగా నేల మీద పడి కొట్టుకుంటున్నాను. మోచేతులు ఎప్పుడూ పచ్చిపుండ్లే. నాటకమట! అంత బాగా ఆడితే ఒక్కడూ చప్పట్లు కొట్టలేదేం?

గద్వాలలో మాది చీరలు నేసే ఇల్లు. అంచు కలిపి నేసేటప్పుడు మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. పద్దెనిమిదేళ్లు మా ఆయన పక్కన నేనే కూర్చున్నాను. పడడం మొదలయ్యాక నన్ను దించి మరిదిని కూర్చోబెట్టారు. వంటింట్లోకి తోశాక ఇంకా ఎక్కువ పడ్డాను.

వనపర్తిలో కౌన్సెలింగ్ చేసే మేడం ఇంటిల్లిపాదినీ రమ్మన్నారు. నేను పడితే చేతిలో పెట్టడానికి మా అత్త తాళాల గుత్తి తెచ్చింది. ఇనుము పట్టుకుంటే తగ్గుతుందని ఆమె నమ్మకం. "ఇది నాటకం కాదు, ఆమె కావాలని చేస్తలేదు" అని మేడం మరిదికి గట్టిగా చెప్పి, అత్త వైపు తిరిగారు.

"ఆమె పడేముందు ఇంట్ల ఏం నడుస్తదమ్మా?"

"ఏం నడుస్తది? అన్నదమ్ముల కొట్లాట. వేరుపడుదమని చిన్నోడు, వద్దని పెద్దోడు."

"పడినంక?"

"ఇంకేం కొట్లాట? ఒకడు నీళ్లకు, ఒకడు తాళాలకు ఉరుకుతరు. గప్పుడే ఇల్లు జర సల్లగుంటది." అనేసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

నాకు ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది. వీళ్లిల్లు నిలబడాలంటే నేను పడుతూ ఉండాలా?

నేను పడితే దెబ్బ తగలకుండా ఒక్కరే చూసుకోవాలని, మిగతావాళ్లు మొదలుపెట్టిన మాట తేల్చుకున్నాకే లేవాలని మేడం చెప్పారు. "నా మగ్గం నాకియ్యుండ్రి" అన్నాను. "చూద్దంలే" అన్నాడు మా ఆయన.

వారం తిరగకముందే మళ్లీ కొట్లాట, మళ్లీ పడ్డాను. తెలివి వచ్చేసరికి పక్కన అత్త ఒక్కతే ఉంది. అవతల అరుపులు ఆగలేదు. అవి వింటుంటే ఎంత హాయిగా అనిపించిందో! చివరికి మా ఆయన గొంతు వినిపించింది: "సరే, వేరుపడు. నీ మగ్గం నువ్వు పెట్టుకో."

లేచి, చీర సర్దుకుని, ఒళ్లు తూలుతుంటే గోడ పట్టుకుని నడిచాను. మరిది ఇంకా మగ్గం మీదే ఉన్నాడు.

"లే, అది నా జాగ."

"మళ్ల పడితే ఎట్ల వదినా?"

"పడితే పడ్త. లేస్త. నువ్వు ముందు లే."