తంగేడు మీద వేసిన నింద

తంగేడు పూసే రోజులొస్తే నాకు గుండె మీద బండ పెట్టినట్టుంటుంది. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. బాన్సువాడలో నేనూ సునందా ఒకే గది కిరాయికి తీసుకుని చదువుకునేవాళ్లం. ఘాటు రసాయనాలు లేకుండా, ఆకు కషాయంతోనే వెండిని కంటికి ఆననంత సన్నటి రేణువులుగా మార్చవచ్చని మా కెమిస్ట్రీ సారు చెప్పాడు. ఆ నీళ్లలో తడిపిన గుడ్డ కడితే గాయం చీము పట్టదట. చెరుకు కొట్టేవాళ్ల చేతులకు అలాంటి కట్టు తయారు చేయాలని సునంద కలలు కనేది. మా ఇద్దరిలో ఎవరిది బాగా కుదిరితే వాళ్లకే హైదరాబాద్ ల్యాబులో చోటు.

సునంద తన చేను గట్టు మీది తంగేడు ఆకు దూసుకొచ్చింది. డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించిన వెండి ఉప్పు, అదే సిల్వర్ నైట్రేట్, కషాయంలో కలిపి ఎండలో పెట్టింది. లేత పసుపు నీళ్లు మెల్లమెల్లగా, నిద్రలోనే రంగు మార్చుకుంటున్నట్టు, బెల్లం పాకం రంగుకు తిరిగాయి. ఎంత బాగుందో! అంత అందాన్ని చూసి ఎవరైనా కుళ్లుకుంటారా? నేను కుళ్లుకున్నాను. నా సీసాలో నీళ్లు ఇంకా పాలిపోయే ఉన్నాయి.

మర్నాడు తను సారు ముందు మళ్లీ చేసి చూపాలి. తన డబ్బాలోని డిస్టిల్డ్ వాటర్ పారబోసి, నేను బోరునీళ్లు నింపాను. బోరునీళ్లలోని ఉప్పు తగిలితే వెండి విరిగిన పాలలా తెల్లబడుతుందని నాకు తెలుసు. అలాగే అయింది. సీసా కడగడం కూడా రాదా అని సారు విసుక్కుని వెళ్లిపోయాడు.

"మంచిగనే కడిగిన గదనే. బతుకమ్మ పూలకని ఇడిచిపెట్టిన తంగేడు గది. దాని ఆకు దూసిన, బతుకమ్మ తల్లికి కోపమొచ్చిందా ఏందే?" అంది సునంద.

అప్పుడైనా నిజం చెప్పాల్సింది.

"ఒచ్చే ఉంటదే," అన్నాను.

డబ్బాలో నీళ్లు మార్చడం అసూయ. మరి ఈ మాట? దీనికి నాకు ఇప్పటికీ పేరు దొరకలేదు. తర్వాత వేపాకుతో నాకు కుదిరింది. చోటూ నాకే వచ్చింది. సునంద చదువు మానేసింది.

ఏళ్ల తర్వాత ఒక బతుకమ్మ పండుగకు బస్టాండు దగ్గర పూలు కొంటూ కనిపించింది. గునుగు తీసుకుంది, బంతి తీసుకుంది. కూతురు తంగేడు కట్ట అందుకోబోతే చెయ్యి పట్టి ఆపింది. తంగేడు లేని బతుకమ్మ! పిలుద్దామనుకున్నాను. కానీ బస్సెక్కేశాను.

తల్లికి కోపం రాలేదు సునందా. ఆకులో ఏ దోషమూ లేదు. నీళ్లు బోరువి, పోసిన చెయ్యి నాది.