సిరా పడని చుక్కలు

ట్రేసరమ్మకి కుదురు లేదు. అరవై ఆరేళ్ళు వచ్చినా లేదు. అన్నం ముందు కూర్చుంటే మూడుసార్లు లేస్తుంది. ఒకసారి మంచినీళ్ళకి, ఒకసారి గోడ మీద క్యాలెండరు వంకరగా కనిపించినందుకు, మూడోసారి ఎందుకు లేచిందో తనకే తెలియక. ఆమె ఉండేది మేడ మీద రెండు గదుల్లో. కింద వాటాలో బావగారు ఉంటారు. పోయిన అక్క భర్త. నెత్తి మీద రోజంతా అడుగులు వినీ వినీ, "అమ్మాయ్, పైన ఊరేగింపు ఏమైనా వెళ్తోందా?" అని మెట్ల కింద నుంచి కేకేస్తుంటారు. ఆమెని అమ్మాయ్ అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఇక ఆయనొక్కడే మిగిలాడు.

ఇలాంటి మనిషి ముప్ఫై నాలుగేళ్ళు సర్వే ఆఫీసులో ట్రేసరుగా పటాలు గీసే ఉద్యోగం ఎలా వెలగబెట్టిందని అందరికీ అనుమానమే. మనిషి నిలవకపోయినా చెయ్యి నిలిచేది. సిరా కలం వేళ్ళ మధ్యకి రాగానే ఆ చెయ్యి వేరే ఎవరిదో అన్నట్టు నిమ్మళించేది. ఉద్యోగం వేయించింది బావగారే. అప్పట్లో ఆయన ఆ ఆఫీసులో హెడ్ డ్రాఫ్ట్స్‌మన్. ఆయన చూపుడువేలు పెట్టిన చోట గీత పడాలి, తీసిన చోట ఆగాలి.

రిటైరయ్యాక ఊరికే ఉండలేక ఆమె ఒక పని పెట్టుకుంది. కొండజనం తెచ్చే పాత పటాల నకళ్ళు చదివిపెట్టడం. ఇదిగో ఇది వాగు, ఇది కాలిబాట, ఇదిగో మీ హద్దు, అని వేలు పెట్టి చూపించడం. అక్కడితో ఆగేదా అంటే ఆగదు. వాళ్ళ వెంట ఆఫీసులకి కూడా వెళ్ళేది. కౌంటరు ముందు అటూ ఇటూ తిరుగుతూ, కాగితం చేతికొచ్చే దాకా కదలకుండా, అంటే కదులుతూనే, అక్కడే ఉండేది. ఆమె గేటు దాటి లోపలికి రావడం చూస్తే గుమస్తాలు భోజనాల వేళని ఓ గంట ముందుకి జరుపుకునేవాళ్ళు.

ఒకరోజు పొద్దున్నే ఆమె దగ్గరికి లాయరమ్మ వచ్చింది. కొండజనం కేసులు చూసే చిన్నపిల్ల. ఊపిరి తీసుకోవడానికి కూడా వాయిదా అడిగేంత తొందర మనిషి. ఆమె వెనకాల ఒక ముసలావిడ గడప దగ్గరే చెప్పులు విడిచి గోడకి ఆనుకుని కూర్చుంది.

"ఈ అవ్వ వాళ్ళది ఏడిళ్ళ గూడెం అమ్మా," అంది లాయరమ్మ. "కొండవాలు మీద తాతల నాటి నుంచీ సాగు చేస్తున్నారు. హక్కు పత్రాలు ఇమ్మంటే అటవీశాఖ వాళ్ళు ఈ పాత పటం చూపిస్తున్నారు. ఇందులో ఆ వాలంతా ఖాళీ. అంటే అప్పుడు అక్కడ అడవే తప్ప చేలు లేవు, వీళ్ళు నిన్న గాక మొన్న ఎక్కారు అని వాదన. గురువారం విచారణ. అది పోతే వాళ్ళని దింపేస్తారు."

"చేలు లేకపోవడమేంటి?" అని అవ్వ గడప దగ్గర నుంచే అందుకుంది. "ఒక చేనులో రెండేళ్ళు పండిస్తాం. తర్వాత ఏడెనిమిదేళ్ళు దాన్ని పడుకోబెడతాం. పడుకున్న చేనులో చెట్లు లేస్తాయి. లేస్తే అది మాది కాకుండా పోతుందా? పిల్లోడు నిద్రపోతే తల్లి వదిలేసి పోద్దా?"

ట్రేసరమ్మ నకలు విప్పి బల్ల మీద పరిచింది. పరిచిన చేతులు అక్కడే ఉండిపోయాయి. మూలన ఉత్తరదిక్కు బాణం, దాని తోక దగ్గర చిన్న ఆకు మెలిక. అలాంటి మెలిక పెట్టొద్దని ఆ రోజుల్లో ఎన్ని చీవాట్లు తిందో! అడ్డగీత ఉన్న ఏడు అంకె. ఎవరి చేతిరాతని వాళ్ళు గుర్తుపట్టకుండా ఎలా ఉంటారు? ఈ పటం ఆమె గీసిందే. నలభై రెండేళ్ళ కిందట, ఉద్యోగంలో చేరిన రెండో ఏడు.

"ఇందులో మేం ఎక్కడున్నామమ్మా?" అని అడిగింది అవ్వ, లేచి వచ్చి.

ట్రేసరమ్మ నకలుని గబగబా చుట్టేసింది. "చూసి చెప్తానవ్వా. రేపు రండి," అంది.

ఆ రోజు ఆమె మేడ మీద ఎన్ని మైళ్ళు నడిచిందో కింద ఉన్న బావగారికే తెలియాలి. నడుస్తుంటే ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. కొండలు తిరిగొచ్చిన సర్వేయరు అక్కడికక్కడే గీసుకున్న ఫీల్డు షీటు తెచ్చి ఇచ్చాడు. ఆ ఏడాది పంట ఉన్న చేలకి నిండు గీత, పడుకోబెట్టిన చేలకి చుక్కల గీత. ఆ ఏడాది పంటంతా వాగు అవతల ఉంది, ఈ వాలు మీదవన్నీ చుక్కల చేలే, ఏడు. దాన్ని మంచి కాగితం మీదకి ఎక్కించాలంటే ముందు ఫీల్డు షీటుని దాని మీద పరిచి, ప్రతి మూల దగ్గరా సన్నటి సూదితో పొడవాలి. కింది కాగితం మీద పడ్డ ఆ సూదిగుర్తుల్ని కలుపుతూ తర్వాత సిరా గీస్తారు. ఆమె పొడవడం పూర్తి చేసి సిరా బుడ్డి మూత తీస్తుంటే బావగారు వెనక నుంచి వచ్చి చుక్కల చేల మీద వేలు పెట్టారు. "సాగులో ఉన్నదానికే గీత అమ్మాయ్. మిగతాదంతా అడవి. రూలు." ఆమె సరేనంది. గీయలేదు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, ఎదురుగా ఉద్యోగం ఇప్పించిన మనిషి, ఇంకేమంటుంది?

కానీ సూదిగుర్తులు! ఫీల్డు షీటు ఎప్పుడో చెదల పాలైంది. నకళ్ళలో రంధ్రాలు పడవు. తను గీసిన అసలు షీటు మాత్రం రికార్డు గదిలో రేకు గొట్టంలో భద్రంగా ఉంటుంది. దాన్ని వెలుతురుకి పట్టుకుంటే?

ట్రేసరమ్మ మెట్లు దిగి కింద వాటాలోకి వెళ్ళింది. బావగారు పాత ఇన్‌స్ట్రుమెంట్ బాక్సు ముందు పెట్టుకుని కంపాసులు మెత్తటి గుడ్డతో తుడుచుకుంటున్నారు. ఆయనకి రోజూ అదో పూజ. ఆమె నిలబడే అంతా చెప్పింది. ఆయన తుడవడం ఆపలేదు.

"మనం గీసినవాళ్ళమే అమ్మాయ్. పంచినవాళ్ళం కాదు."

"మనం గీసిందే పంచారు బావగారూ."

"విచారణలో నా పేరు తీస్తావా?"

"మీ పేరెందుకు? చెయ్యి నాదే కదా."

"చెయ్యి నీదైతే చెప్పిన నోరెవరిదని అడగరా?" కంపాసుని పెట్టెలో పెట్టి మూత వేశారు. "ఎనభై రెండేళ్ళ వయసులో నన్ను తప్పుడు మనిషిని చేయాలనుంటే చెయ్యి. అడ్డం రాను. పలకరించమని మాత్రం అడగొద్దు."

ఆయన మాట ఆమెకి గుండెలో గుచ్చుకుంది. చదువు చెప్పించి, ఉద్యోగం చూపించి, అక్క పోయిన రోజున కూడా తన ఏడుపు దాచుకుని ఈమెని ఓదార్చిన మనిషి. ఆమె మెట్లెక్కి పైకి వెళ్ళి, మళ్ళీ దిగి, ఆయన తలుపు దాకా వచ్చి, మళ్ళీ ఎక్కింది. అలా నాలుగుసార్లు. ఆయన తలుపు తియ్యలేదు.

మర్నాడు లాయరమ్మకి, అవ్వకి అంతా చెప్పేసింది. "ఈ పటం నేనే గీశాను. మీ చేలు వదిలేసింది కూడా నేనే." లాయరమ్మ మొదటిసారి మాట తడుముకుంది. అవ్వ మాత్రం ట్రేసరమ్మని ఎగాదిగా చూసి, "నువ్వేనా?" అంది. అంతకు మించి తిట్టలేదు. తిడితే బాగుండునని ఈమెకి అనిపించింది.

"మా చేనూ ఉందా అందులో? ఊటకి పైన ఉంటది మాది," అని అడిగింది అవ్వ.

"ఉందవ్వా. ఏడూ పొడిచాను. వెలుతురుకి పడితే నీకే కనిపిస్తుంది," అంది ట్రేసరమ్మ, ధీమాగా.

గురువారం విచారణ హాలులో జనం కిక్కిరిసి ఉన్నారు. పొడుగు బల్ల వెనక విచారణాధికారి, పక్కన అటవీశాఖ తరఫు అధికారి, ఫైళ్ళు ఎగిరిపోకుండా వాటి మీద టీ కప్పులు. లాయరమ్మ వేసిన అర్జీ మీద అసలు షీటు తెప్పించారు. ప్యూను దాన్ని రేకు గొట్టంలోంచి లాగి బల్ల మీద పరిచాడు.

"ఇందులోనూ ఖాళీయే," అన్నాడు అటవీశాఖ అధికారి. "గీతే లేదు. ఇంక వాదనేముంది?"

అప్పటికే ఐదుసార్లు లేచి కూర్చున్న ట్రేసరమ్మ ఆరోసారి లేచి ఇక కూర్చోలేదు. తానెవరో చెప్పింది. చుక్కల చేలు ఏడూ పొడిచి, సిరా వేయకుండా వదిలేశానని చెప్పింది. "బల్ల మీద కాదు, కిటికీ దగ్గర చూడండి," అంది.

కిటికీ రంగు అంటుకుని బిగుసుకుపోయి ఉంది. ప్యూను గుద్దితే గానీ తెరుచుకోలేదు. విచారణాధికారి ఒక అంచు, ట్రేసరమ్మ ఒక అంచు పట్టుకుని షీటుని ఎండకి ఎత్తారు. ఖాళీగా ఉన్న వాలు మీద పిసరంత పిసరంత వెలుగు చుక్కలు లేచాయి. నాలుగు, పక్కన ఐదు, దాని కింద నాలుగు. గూడెం వాళ్ళు కుర్చీలు వదిలి ముందుకొచ్చారు.

ట్రేసరమ్మ ఆదుర్దాగా వేలు పెట్టి చూపించసాగింది. "అవ్వా, ఇది వాగు మలుపు. ఇటు పైకి. ఇదెవరిది?"

"మలుపు పక్కదా? మా మరిదిది," అంది అవ్వ. "దాని పైది రెండు రాళ్ళ చేను. ఆ పక్కది ఎలుగు తిరిగే చేను, మా ఆడబిడ్డ వాళ్ళది." ఒక్కొక్కటే పేరు చెబుతుంటే గుమస్తా రాసుకుంటున్నాడు. ఆరు అయ్యాయి.

"ఇంక మాది. ఊటకి పైన," అంది అవ్వ.

ట్రేసరమ్మ వేలు ఊట దాటి పైకి వెళ్ళింది. అక్కడ వెలుగు లేదు. షీటుని కొంచెం వంచింది. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. కాగితం తెల్లగా, మందంగా, చెక్కుచెదరకుండా ఉంది. అప్పుడు అర్థమైంది ఆమెకి. బావగారు వచ్చే సరికి పొడవడం పూర్తి కాలేదు. ఆరోది అప్పుడే ముగించింది. ఆయన వద్దనగానే సూది పక్కన పెట్టేసింది. ఏడూ పొడిచాను, గీయలేదంతే అని ఇన్నేళ్ళుగా తనకి తాను చెప్పుకుంటూ వచ్చింది. తనని తాను కొంచెం మంచిదాన్ని చేసుకోవడానికి అల్లుకున్న కథ అది. తల కొట్టేసినట్టయింది.

"ఏమైందమ్మా? ఆగావేం?" అంది అవ్వ.

"నీది పొడవలేదవ్వా," అంది. "ఫీల్డు షీటులో ఉంది. నా కళ్ళతో చూశాను. వద్దనగానే ఆపేశాను. ఉందని నిన్ను నమ్మించాను, తప్పు నాది." తర్వాత బల్ల వైపు తిరిగి, "ఏడో చేను ఉంది. దానికి నేనే సాక్ష్యం. రాసుకోండి," అంది.

అటవీశాఖ అధికారి నవ్వలేదు, నవ్వితే నయం. "ఏడూ పొడిచానని ఇప్పుడే చెప్పారు. ఆరే ఉన్నాయి. మిగతా జ్ఞాపకాన్ని ఎలా నమ్మమంటారు?" అని మర్యాదగా అడిగాడు. ఆమె షీటుని జాగ్రత్తగా బల్ల మీదకి దించింది.

ఆరు చేలు నమోదు చేయమని, ఏడోదానికి పదిహేను రోజుల్లో అక్కడికే వెళ్ళి కొలతలు తీసి, పాత హద్దు గుర్తులు ఉన్నాయేమో చూడమని విచారణాధికారి రాయించారు. గూడెం వాళ్ళు సంతోషించాలో మానాలో తెలియక అవ్వ మొహం చూశారు. అవ్వ చెప్పులు వేసుకుంటూ, "నువ్వూ రా. చూడకుండానే గీశావు, చూడకుండానే సాక్ష్యం చెప్పావు. ఒక్కసారైనా చూద్దువు గాని," అంది.

"అంత పైకి నడవగలరా?" అని లాయరమ్మ బెంగపడింది.

"కూర్చోలేను గానీ, నడవలేకేం తల్లీ," అంది ట్రేసరమ్మ.

ఆ పదిహేను రోజులూ కింద వాటా తలుపు వేసే ఉంది. ఊరేగింపు మాటే వినపడలేదు. కావాలని ఒకటికి రెండుసార్లు గట్టిగా అడుగులు వేసి చూసింది. కింది నుంచి ఉలుకూ పలుకూ లేదు.

కొలతల రోజున కొండవాలు ఎక్కింది. మధ్యలో రెండుసార్లు ఆగి రొప్పింది. ఊటకి పైన అవ్వ చేను పడుకునే ఉంది. మనిషెత్తు చెట్లు, వాటి మధ్య పొదలు. ఈ కొండని ఎన్నిసార్లు గీసిందో లెక్కలేదు. కాలు పెట్టడం ఇదే మొదలు. గూడెం వాళ్ళు పొదలు నరికి హద్దు రాళ్ళు వెతికారు. మూడు దొరికాయి, సగం మట్టిలో కూరుకుపోయి, పాచిపట్టి. వాటిని చూసి సర్వేయరు తల ఊపి మూడు చోట్లా మనుషుల్ని నిలబెట్టాడు. నాలుగో రాయి ఎంత వెతికినా కనబడలేదు. వానలకి ఎటో దొర్లిపోయి ఉంటుందని అవ్వ అంది. వాలు అంచున ఒక చోటికి నడిచి, మడమతో నేల మీద గట్టిగా గీసింది.

"ఇక్కడుండేది. నువ్వు నిలబడు," అంది ట్రేసరమ్మతో.

ఆమె వెళ్ళి నిలబడింది. కిందెక్కడో ఊట చప్పుడు. మోకాళ్ళు లాగుతున్నాయి. చీర కుచ్చిళ్ళలో ముల్లు గుచ్చుకుని ఉంది, వంగి తీసుకోవాలని వేళ్ళు తహతహలాడుతున్నాయి. సర్వేయరు దూరం నుంచి కొలత పరికరంలో కన్నుపెట్టి, "కదలకండమ్మా, కాస్త టైమ్ పడుతుంది!" అని అరిచాడు.

"కదలనయ్యా," అంది ట్రేసరమ్మ. "నువ్వు సరిగ్గా రాసుకో."