ఖాళీగా ఉందని నేను రాసిన దిబ్బ

కొన్ని వందల కోట్ల అప్పును ఒకే ఒక్క వాక్యంతో ఆపినవాణ్ణి నేను. బొంబాయిలో బ్యాంకువాళ్లు సంతకం పెట్టడానికి పెన్ను తీశారు. నెల్లూరులో నా వరండాలో కూర్చుని నేనొక వాక్యం రాశాను. అక్కడ పెన్నులు ఆగిపోయాయి. ఈ సంగతి మా బార్ అసోసియేషన్ గదిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ అప్పు పెరిగింది. మొదట్లో వంద కోట్లుగా ఉన్నది, వినేవాడు కొత్తవాడైతే కాఫీ చల్లారేలోగా మూడు వందలు దాటేది. అసలు ఎంతో నాకు తెలియదు. ఆ కాగితం నాకెవరూ చూపించలేదు.

నిజం ఒక్కసారిగా చెప్పడం నాకు చేతకాదు. వాయిదాల మీద చెబుతాను. వృత్తి అలవాటు, ఏం చేయను.

నేను సివిల్ లాయర్ని. గట్ల తగాదాలు, దారి తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు, వీటితోనే నలభై ఏళ్లు గడిచాయి. కళ్లకు శుక్లాలు తీయించుకుని ఇక ఇంటిపట్టున ఉందామనుకున్న వయసులో మన తీరానికి ఎండ వ్యాపారం వచ్చింది. కంపెనీలు వచ్చి, రైతుల భూములు ముప్పై ఏళ్లకు దగ్గరగా లీజుకు తీసుకుని, సోలార్ పలకలు పరిచి, కరెంటు అమ్ముకుంటాయి. పెట్టుబడిలో ఎక్కువ భాగం బ్యాంకుది. రేపు కంపెనీ చేతులెత్తేస్తే బ్యాంకుకు మిగిలేది ఆ పలకలూ, ఆ భూమి మీద హక్కూ. అందుకని డబ్బు ఇచ్చే ముందే బ్యాంకు అడుగుతుంది: ఈ భూమి ఎవరిది, దీని మీద తగాదా ఉందా, దీని మీద ఇప్పుడు ఎవరైనా ఉన్నారా?

అప్పు కాగితాలు రాసేది హైదరాబాదులో పెద్ద లాయర్లు. వాళ్లకు ఇంగ్లీషు బాగా వచ్చు. పాత దస్తావేజుల్లోని గొలుసుకట్టు రాత రాదు. అక్కడ నా అవసరం పడింది. ఎండను చూసి ఏ బ్యాంకూ అప్పివ్వదు. ఎండ పడే నేల తాలూకు కాగితాన్ని చూసి ఇస్తుంది. ఆ కాగితం శుభ్రంగా ఉందని చెప్పే ముసలివాణ్ణి నేను.

నా రిపోర్టు ముప్పై నలభై పేజీలుండేది. అందులో అంతా రికార్డుల్లో చూసి రాసేదే. ఒక్క వాక్యం మాత్రం కాళ్లతో నడిచి, కళ్లతో చూసి రాయాలి: "స్థలాన్ని స్వయంగా పరిశీలించాను. ఖాళీగా ఉంది. ఇతరుల స్వాధీనంలో లేదు." నేను చెప్పబోయేదంతా ఈ వాక్యం గురించే.

ఆ ప్రాజెక్టు కోట అనే ఊరి నుంచి సముద్రం వైపు వెళ్లే దారిలో ఒక పాలెం దగ్గర. పాలెం పేరెందుకులెండి. భూమిలో ఎక్కువ భాగం సాగు మానేసిన పొలాలు. వాటికి చివర రెండెకరాల ఇసుక దిబ్బ. తీరానికి కాస్త లోపలగా, ఎత్తుగా ఉంటుంది. దాని పట్టా నెల్లూరులో ఉండే ఒక పెద్దమనిషిది. తాత కొన్నాడు, మనవడు లీజుకిచ్చాడు. పలకల నుంచి వచ్చే కరెంటును పెద్ద లైనుకు అందించే యార్డు ఆ దిబ్బ మీద కట్టాలని కంపెనీ ప్లాను. కాగితాలు చూశాను. ఒక్క మచ్చ లేదు.

చూడటానికి ఆదివారం వెళ్లాను. కోర్టుకు సెలవు, కంపెనీ కారు ఖాళీ. కంపెనీ తరఫున భూముల సంగతి చూసే మేనేజరు నా పక్కన కూర్చున్నాడు. మంచివాడే. దారి పొడుగునా నా ఆరోగ్యం గురించి అడిగాడు. దిబ్బ దగ్గర దిగేసరికి పది దాటింది. ఇసుక మీద ఒక్క పురుగు లేదు. పాలెం చర్చిలో పాటలు మైకులో వినిపిస్తున్నాయి. మేనేజరు చెయ్యి చాచి చూపించాడు.

"చూడండి సార్, పిట్ట కూడా లేదు."

పిట్ట లేదు నిజమే. కానీ ఇసుకలో వరసగా గుంజలు పాతి ఉన్నాయి. అక్కడక్కడా ఉప్పు చారలు తెల్లగా మెరుస్తున్నాయి. వాసన సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎండు చేపల వాసన తెలియనివాడు నెల్లూరు జిల్లాలో పుట్టి ఉండడు. అయినా వాసన రాయడానికి రిపోర్టులో గడి లేదు. అదీగాక ఆకలేస్తోంది. కోటలో భోజనం చేసి ఇంటికొచ్చి, మర్నాడు ఆ వాక్యం రాసి పంపేశాను.

బార్ అసోసియేషన్‌లో ఈ ఆదివారం ఊసు ఎప్పుడూ ఎత్తలేదు. అక్కడ నా కథ ఎప్పుడూ బుధవారం నుంచి మొదలయ్యేది.

రెండు వారాలు గడిచాక, ఒక సోమవారం పొద్దున్నే ఒకామె వచ్చి మా వరండా మెట్టు మీద కూర్చుంది. అరవై దగ్గర పడిన మనిషి. మొదటి బస్సుకు వచ్చానంది. ఏం కేసమ్మా అని అడిగాను.

"కేసు నాది కాదు సార్. మీరు రాసిందే. మేం లేమని రాసిచ్చినారంట గదా."

"ఎవరు మీరు? ఎక్కడ లేరని?"

"దిబ్బ మీద. గుర్తురాళ్లు పాతతా ఉంటే ఏందని అడిగినాం. లాయరుగారు వచ్చి చూసినాడు, ఈడ ఎవరూ లేరని రాసినాడు, అన్నాడు ఆ మేనేజరు. ఇరవై మంది ఆడోళ్లం ఉండాం సార్. బతికుండంగానే లేరని రాసేస్తే ఎట్టా?"

"నేను వచ్చిన రోజు ఎవరూ లేరమ్మా."

"ఏ రోజొచ్చినారు?"

"ఆదివారం."

ఆమె చెవిటివాడికి చెప్పినట్టు నిదానంగా మొదలుపెట్టింది.

"ఆదివారం మేమంతా చర్చిలో ఉంటాం. శనివారం సాయంత్రమే చేపలెత్తి, వలలు మడిచి ఇండ్లకు చేరుస్తాం. లేకుంటే కుక్కలు పడతాయి. మా అత్త కాలం నించీ అంతే. ఆదివారం నేనొచ్చి మీ కోర్టు చూసి, ఈడ లాయర్లూ లేరు, జడ్జీలూ లేరు, ఖాళీ బిల్డింగు అని రాసిస్తే ఒప్పుకుంటారా సార్?"

నేను నవ్వాను. ఇంత మంచి వాదన మా కోర్టులో విని చాలా ఏళ్లయింది. ఆమె నవ్వలేదు.

"మీ దగ్గర కాగితం ఏమైనా ఉందా?"

"చేపలు ఎండేసేదానికి కాగితం ఏంది సార్?"

"కరెంటు అందరికీ కావాలి కదమ్మా."

"వద్దని ఎవరన్నారు? మా ఇంట్లో ఫ్యాను తిరగద్దా? పలకలు ఎన్నైనా పెట్టుకోండి. దిబ్బ ఒక్కటి వదిలిపెట్టండి. చేపలు ఒడ్డున పరిస్తే పోటుకు తడుస్తాయి. రోడ్డు మీద పరిస్తే లారీలు తొక్కతాయి. దిబ్బ పోతే మాకు ఇంకో చోటు లేదు. పచ్చి చేప ఎంతకడిగితే అంతకు ఇచ్చేసి పోవాల్సిందే. మీరు వచ్చి చూసి, ఉండామని రాయండి. అంతే మేం అడిగేది."

బార్ అసోసియేషన్‌లో చెప్పే కథలో ఆమె వచ్చిందే బుధవారం, నేను ఉన్నపళంగా లేచి, గొడుగు తీసుకుని ఆమె వెంట బస్సెక్కాను. జరిగింది అది కాదు. బుధవారం వస్తానన్నాను. అప్పటిదాకా కోర్టులో పనుందన్నాను. కోర్టులో నాకు ఏ పనీ లేదు. పెట్టిన సంతకాన్ని కొట్టేసుకోవడానికి రెండు రోజుల ధైర్యం కూడగట్టుకోవాల్సి వచ్చింది.

బుధవారం దిబ్బ వేరే చోటులా ఉంది. ఆ గుంజల మధ్య పాత వలలు పరిచి ఉన్నాయి, వాటి మీద నెత్తళ్లు, వేలెడేసి చేపలు. అంత ఎండలో చూస్తే కళ్లు చెదిరాయి. ఆడవాళ్లు తలల మీద తువ్వాళ్లు వేసుకుని, ఒంగి, చేతులతో చేపల్ని తిరగేస్తున్నారు. ఒక పక్క ఎండాక రెండో పక్క. నా గొడుగు చూసి ఒకామె నడుం ఎత్తింది.

"ఈయనేనా మనం లేమన్నది?"

"ఆయనే."

"ఇప్పుడన్నా కనపడతా ఉండామా సార్? అద్దాలు తుడుచుకోండి ఒకసారి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం బాగా లేదు. నలభై ఏళ్లు కోర్టులో స్వాధీనం గురించే వాదించాను. ఒకడి భూమి అని రుజువు చేయడానికి గడ్డివామి చూపించాను, ఎద్దును కట్టేసే గుంజ చూపించాను, ఒకసారి మూరెడు కొబ్బరి మొక్కను చూపించి కేసు గెలిచాను. గుంజ పాతి ఉందంటే మనిషి ఉన్నట్టే యువరానర్ అని గొంతు పెంచినవాణ్ణి. అలాంటి గుంజలు ఇరవై ముప్పై కళ్లెదురుగా ఉంటే ఖాళీ అని రాశాను. కళ్లు అవే. ఎవరి కారులో వెళ్లామన్నదాన్ని బట్టి చూపు మారుతుంది కాబోలు. ఆ మేనేజరు నన్ను అబద్ధం రాయమని ఒక్క ముక్క అనలేదు. అననక్కర్లేకపోయింది.

ఆ సాయంత్రమే ఉత్తరం తయారుచేశాను. దిబ్బ మీద పాలెం ఆడవాళ్లు ఏళ్ల తరబడి చేపలు ఎండబెట్టుకుంటున్నారు, అది వాళ్ల స్వాధీనంలో ఉంది, నేను ముందు రాసింది తప్పు. ఇదీ నేను చెప్పుకునే ఆ ఒక్క వాక్యం. రాశానే గానీ పంపలేదు. సొరుగులో పెట్టుకున్నాను. భాష సరిచూసుకుంటున్నానని మా ఇంటావిడకు చెప్పాను. భాషలో సరిచూడటానికేం లేదు. ఈ ఉత్తరం వెళ్తే ఇక హైదరాబాదు నుంచి పని రాదేమోనని భయం. డబ్బు కోసం కాదు. ఆ వయసులో ఫోను మోగి "సార్, మీ అభిప్రాయం కావాలి" అంటే ఎలా ఉంటుందో అలాంటి ఫోన్లు రావడం ఆగిపోయినవాడికే తెలుస్తుంది. చివరికి సోమవారం పంపాను.

గంటలో హైదరాబాదు నుంచి ఫోను. అప్పు కాగితాలు చూస్తున్న లాయరమ్మ. వయసులో నా జూనియర్లకన్నా చిన్నది.

"సార్, ఈ లైను మారితే డబ్బు విడుదల ఆగిపోతుంది. మీరు కచ్చితంగా చూశారా?"

"రెండుసార్లు చూశానమ్మా."

"రెండింట్లో ఏది నిజం సార్?"

"రెండూ నిజమే. మొదటిది ఆదివారం."

ఆమెకు అర్థం కావడానికి కొద్దిసేపు పట్టింది. అర్థమయ్యాక కోపగించుకోలేదు. "మీరు చూసింది రాయడానికే కదా సార్ మిమ్మల్ని పెట్టుకున్నాం. బ్యాంకు తరఫున ఇంజనీరు కూడా వెళ్లి ఫొటోలు తెచ్చాడు. మీ ఉత్తరం వాటితో కలిపి పెడతాను" అంది. బార్ అసోసియేషన్‌లో నేను ఈ ఫోనులో ఉరిమినట్టు చెప్పాను. ఉరమలేదు. థాంక్స్ అమ్మా అన్నాను.

అప్పు కూడా పూర్తిగా ఆగలేదు. కొన్ని వారాలు ఆలస్యమైంది, అంతే. కంపెనీ యార్డును పొలాలకు రెండో పక్కకు మార్చుకుని, దిబ్బను లీజులోంచి తీసేసింది. పలకలు వచ్చాయి, కరెంటు పోతోంది. పట్టా ఇప్పటికీ నెల్లూరు పెద్దమనిషిదే. రేపు ఆయనకు ఇంకో బేరం తగిలితే ఏమవుతుందో నేను చెప్పలేను. హైదరాబాదు నుంచి పని ఇంకా వస్తోంది. మనుషుల్ని నేను అనుకున్నంత తక్కువగా అంచనా వేయకూడదని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఏ స్థలం చూడాలన్నా రెండుసార్లు వెళ్తున్నాను, ఒకసారి ఎవరికీ చెప్పకుండా, బస్సులో.

మొన్న ఎండు చేపలు కొనే నెపంతో దిబ్బకు వెళ్లాను. కొత్త కోడళ్లు ఇద్దరు తట్టల దగ్గర కూర్చుని ఉన్నారు. నా సంగతి వాళ్లకు తెలియదు. ఇంకేముంది, మొదలుపెట్టాను. బొంబాయి, బ్యాంకు, పెన్నులు. నా ఉత్తరం చూసి బ్యాంకువాళ్లు హడలిపోయి ఇంజనీరును పంపారనీ, ఈ దిబ్బ నిలిచింది ఆ ఒక్క వాక్యంతోనేననీ చెప్పాను. కోడళ్లు నోళ్లు తెరిచి విన్నారు. అప్పట్లో మా వరండా మెట్టు మీద కూర్చున్న ఆమె కాస్త అవతల ఒంగి నెత్తళ్లు తిరగేస్తోంది. చెయ్యి ఆపకుండానే అంది.

"సార్, ఒక్క మాట."

"చెప్పమ్మా."

"మీ కాగితం సోమారం పోయిందని మీరే చెప్పినారు. ఆ బ్యాంకాయన శనివారమే వచ్చినాడు. ఆయన రాకముందు మేనేజరు పొద్దున్నే వచ్చి, ఒక్క గంట చేపలెత్తేయండమ్మా, ఫొటో తీసుకొని పోతారు, మళ్లా పరుచుకోండి అన్నాడు. తలా ఒక బిరియానీ పొట్లం కూడా తెచ్చినాడు. బిరియానీ తిన్నాం. చేపలు తీయలా. బ్యాంకాయన ఉన్నది ఉన్నట్టు ఫొటో తీసుకొని పోయినాడు. రాళ్లు పాతేది ఆగింది అప్పుడు. మీది ఆ తరవాత."