హుసేనమ్మ కూర్చున్న పాతర

గట్టు పక్క పల్లెలో ఉండే జమ్ములమ్మకు ఎనభై ఐదేళ్లు. చూపు మందగించింది, మోకాళ్లు మొరాయించాయి, నోరు మాత్రం చెక్కుచెదరలేదు. ఏటా సెప్టెంబరు పదిహేడున బడిలో రజాకార్ల నాటకం వేస్తారు. ఏటా ఆమె మధ్యలో లేచి అడ్డుపడుతుంది.

నాటకంలో ఊరి మగవాళ్లంతా బరిసెలు పట్టి రజాకార్లను పొలిమేర దాకా తరుముతారు. చప్పట్లు మోగుతాయి.

“బరిసె పట్టినోడు ఒక్కడు లేకుండె సారూ,” అంటుంది జమ్ములమ్మ. “పెద్దోళ్లంత జొన్నచేన్ల పడి ఉరికిరి. నాకప్పుడు ఎనిమిదేండ్లు. పోరగాళ్లమంత జొన్నలు పోసే పాతర గుంతల దాసుకుంటిమి. దూదేకుల హుసేనమ్మ మూత మీద పత్తి కుప్ప పోసి, ఏకుకుంట కూసునె. తుపాకులోళ్లు అడిగితె ఈడ ఎవ్వరు లేరనె. ఆమె పేరేది మీ నాటకంల?”

హుసేనమ్మ పిల్లాజెల్లా లేకుండా పోయింది. ఆ పాతరలో దాక్కున్న తామూ పోతే ఆ పేరు తలిచేవాళ్లుండరు. అది గుర్తొస్తే జమ్ములమ్మకు ముద్ద దిగదు.

హెడ్మాస్టరు రంజిత్ మంచివాడే గానీ కాగితం మనిషి. “ఒక్కరు చెప్తే ఎట్లమ్మా, సాక్షులు కావాలె,” అన్నాడు. అనకుండా ఉండాల్సింది.

ఈ ఏడు ఆమె ఆటోలూ బస్సులూ మారి, ఆ పాతరలోవాళ్లలో మిగిలిన ఇద్దర్నీ పట్టుకొచ్చింది. ఒకరు ధరూర్‌కు కోడలుగా పోయిన ఈదమ్మ, ఇంకొకరు తిమ్మాజిపేటలో కూతురింట్లో ఉంటున్న కురుమూర్తి. ముగ్గురూ హెడ్మాస్టరు ముందు కుర్చీల్లో కూర్చున్నారు.

“ఎంతమంది ఉంటిరి?” అని అడిగాడు రంజిత్.

“ఆరుగురం,” అంది ఈదమ్మ.

“పదకొండు మందిమి,” అన్నాడు కురుమూర్తి.

“నీకు లెక్కలెప్పుడొచ్చెరా? తుమ్మి అందర్ని సంపబోతివి.”

“తుమ్మింది నువ్వు.”

ఏ పూట జరిగిందంటే, పొద్దుగాల అని ఆమె, పొద్దుగూకంగ అని ఇతను. జమ్ములమ్మ తల పట్టుకుంది. ఛార్జీలు పెట్టి తెచ్చిన సాక్షులే కేసు ముంచేట్టున్నారు.

రంజిత్ కలం మూసేశాడు. “ఒక్క మాట గూడ కలుస్తలేదు పెద్దమ్మా. పోనీ, మీద కూసున్నదెవరు?”

“హుసేనమ్మ,” అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

ఆ తర్వాత ఎవరూ కొట్లాడలేదు. కురుమూర్తి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. రంజిత్ మళ్లీ కలం తెరిచాడు.

పదిహేడున ఎనిమిదో తరగతి పిల్ల వర్ష హుసేనమ్మ వేషం కట్టింది. స్టేజి మీద పత్తి కుప్ప మధ్య బాగానే కూర్చుంది. చెక్క తుపాకులతో రజాకార్లు మీదికి రాగానే బెదిరి, మాట మరిచి, పారిపోదామని సగం లేచింది. జనం గొల్లున నవ్వారు.

ముందు వరసలో జమ్ములమ్మ నవ్వలేదు. కర్ర ఊతంతో లేచి నిలబడింది.

“లేవకు బిడ్డా. మేమింక లోపల్నే ఉన్నం.”