ఊడ్చిన బాట

కాగితాల్లో ఆయన ఉద్యోగం అడవి వాచరు. ఊళ్లో మాత్రం అందరికీ జాడలాయన. ఇరవై తొమ్మిదేళ్లుగా చేస్తున్న పని ఒకటే. సాయంత్రం జంతువుల బాట మీద చాపంత మేర మట్టిని నున్నగా ఊడ్చి రావాలి. తెల్లవారి వెళ్లి, దాని మీద ఏవేం నడిచాయో చూసి పుస్తకంలో రాయాలి. చదువు ఐదో తరగతితో ఆగిపోయినా మట్టిని మాత్రం గడగడా చదివేవాడు. పోయిన ఎలుగు కుంటుతోందో, పిల్లను వెంటేసుకుని తిరుగుతోందో కూడా చెప్పేవాడు. "నా మొహం అంత శ్రద్ధగా ఒక్కసారి చదివుంటే బాగుపడేవారు" అని భార్య ఎత్తిపొడిచేది.

ఇప్పుడు చదవడానికి అడవే లేదు. పాత చెట్లు కొట్టేసి కొండ పొడవునా జామాయిల్ వేశారు. దూరం నుంచి చూసేవాళ్లకు అదీ పచ్చగానే ఉంటుంది. దాని కింద పండు రాలదు, చెదపుట్ట లేవదు. జింకలు ఎటు పోయాయో పోయాయి. ఒక్క తల్లి ఎలుగు మాత్రం పిల్లతో సహా తోటకు అడ్డంపడి అవతలి వాగుకు పోయి వస్తోందని ఊళ్లో అనుకునేవారు.

ఆ తోటకు కంచె వేస్తామన్నారు. రేంజరు ఈయన్ని పిలిచాడు.

"పెద్దాయనా, నెల రోజులు జాడలు చూసి రాయండి. ఎలుగు ఈ బాటనే తిరుగుతోందని తేలితే ఇక్కడ కంచెకు సందు వదిలిస్తాను. మీ రాతే నాకు ఆధారం."

మోకాళ్లు సహకరించకపోయినా ఆ నెలంతా కాళ్లీడ్చుకుంటూ వెళ్లాడు. పూర్వం ఊడవడానికి చేతికందిన పొదకొమ్మ విరిచేవాడు. ఇప్పుడు పొదలు లేవు కనుక జామాయిల్ కొమ్మే విరిచి ఊడ్చాడు. తెల్లారి చూస్తే మట్టి ఊడ్చింది ఊడ్చినట్టే ఉండేది. 'జాడ లేదు' అని రాసేవాడు. లేనిది ఉన్నట్టు రాయడానికి చెయ్యి రాలేదు. అబద్ధం రాయననే గర్వం కూడా కొంత ఉంది, ఉండకూడదా మరి! ముప్పై రోజులూ ఆ రెండు మాటలే రాసి ఇచ్చేశాడు.

కంచె లేచిన వారానికి కూతురు పుట్టింటికి వచ్చింది. గుమ్మంలోనే ముక్కు మూసుకుంది.

"ఏంటి నాన్నా ఈ ఘాటు? ఎలా ఉంటున్నారు మీరిద్దరూ?"

"మీ అమ్మ నూనె బట్టీలో జామాయిల్ ఆకు ఏరుతుంది కదా. మాకు అలవాటైపోయిందిలే."

"మీకు అలవాటైతే అయింది. ఆ వీధికుక్కను చూడు. నీ చేత్తో అన్నం పెడితే దగ్గరికే రావడం లేదు."

జాడలాయన తన అరచేతులు వాసన చూసుకున్నాడు. నెల రోజులూ ఊడ్చింది ఆ జామాయిల్ కొమ్మతోనే. అన్నం అక్కడే వదిలేసి బాటకు పోయాడు. తను ఊడ్చిన మేరను తప్పించుకుని, పక్కన ఎండుటాకుల మీదుగా, నడిచి నడిచి నలిగిన సన్నని దారి కనిపించింది. ఆకుల మధ్య మెత్తటి చోట పెద్ద పాదం, పక్కనే చిన్న పాదం. ఊడ్చిన పచ్చి కొమ్మ ఘాటుకు అవి ఆ మట్టి మీద కాలు పెట్టలేదు, అంతే.

రేంజరు అంతా విన్నాడు. కసురుకోలేదు. కసురుకుని ఉంటే బాగుండేది.

"ముప్పై రోజులూ మీ చేత్తోనే లేదని రాశారు. అది నమ్మి పైవాళ్లు సంతకం పెట్టారు. ఇప్పుడు విప్పమంటే నా మాట ఎవరు వింటారు?"

జాడలాయన లేచాడు. తిరిగి వస్తూ కంచె వెంబడే నడిచాడు. తాజా జాడలు తీగ దాకా వచ్చి, అక్కడే చాలాసేపు తచ్చాడి, కంచె పొడవునా కిందికి దిగాయి. చివరికి నూనె బట్టీకి పోయే మట్టిరోడ్డు ఎక్కాయి.

మర్నాడు వేకువనే భార్య క్యారేజీ పట్టుకుని పనికి బయల్దేరితే, ఆయన కర్ర తీసుకుని వెంట నడిచాడు.

"పెళ్లయి ఇన్నేళ్లలో ఒక్కనాడూ తోడు రాలేదు. ఇవాళ ఏం పుట్టింది మీకు?"

"దాని దారి నేనే మూయించాను" అన్నాడాయన. "ఇప్పుడది నీ దారిన తిరుగుతోంది."